నెల్లూరులో ఏపీఆర్వోగా (సహాయ పౌర సంబంధాల అధికారిగా) చేరబోయే అమ్మాయికి

కనిగిరి

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

పోస్టింగ్ ఆర్డరు వచ్చిందని విన్నప్పటి నుంచి మీ అమ్మ కాలు నేల మీద నిలవడం లేదు. ఈ సంబరంలోనే ఎవరికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తేల్చుకో తల్లీ. సమాచార పౌర సంబంధాల శాఖలో చేరిన మనిషి మాట మొదటి రోజు నుంచే ప్రభుత్వం మాటగా వినబడుతుంది.

ఆర్డరు ఫొటో స్టేటస్‌లో పెట్టొద్దు. దాని మీద నీ హాల్ టికెట్ నంబరు, చిరునామా ఉంటాయి. ఊళ్ళో ఫ్లెక్సీ కడతామంటే వద్దని గట్టిగా చెప్పు. అందులో నీ పక్కన ఏ పార్టీ నాయకుడి బొమ్మ పడినా, రేపు నువ్వు పంపే ప్రతి ప్రెస్ నోట్‌నూ అనుమానంగానే చదువుతారు. శాలువాలు, కానుకల సంగతి 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో ఉంది, చేరకముందే చదువుకో.

శాఖకు రాసే కృతజ్ఞతా పత్రం మూడు వాక్యాలు దాటనక్కర్లేదు. "ఫలానా తేదీ, ఫలానా నంబరు ఉత్తర్వు ప్రకారం ఈరోజు పూర్వాహ్నం విధుల్లో చేరాను. నియామకానికి ప్రభుత్వానికి, శాఖకు కృతజ్ఞతలు. జిల్లా ప్రజలకు సరైన సమాచారం సకాలంలో చేరేలా పనిచేస్తాను." ఇంతే. పై అధికారి ద్వారానే పంపాలి. చాలామంది ఇక్కడే ఎవరో పెద్దాయన దయవల్ల ఉద్యోగం వచ్చిందని రాసేస్తారు. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగాన్ని ఒకరి దయ అంటే, నీతో పాటు ఆ పరీక్షకు కూర్చున్న వాళ్ళందరినీ చిన్నబుచ్చినట్టే.

మాస్టార్లకు మాత్రం చేత్తో రాయి. "అంతా మీ చలవే" అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. ఎవరు ఏం నేర్పారో ఆ ఒక్క సంగతి పేరు పెట్టి రాయి.

అసలు రుణం జనానికి. అది తీర్చేది ప్రెస్ నోట్‌లోనే. వానాకాలంలో "సోమశిలకు 50 వేల క్యూసెక్కులు" అని ఒకరు, "సోమశిల నుంచి 50 వేల క్యూసెక్కులు" అని ఇంకొకరు రాస్తారు. మొదటిది జలాశయంలోకి వచ్చే నీరు, రెండోది పెన్నలోకి వదిలే నీరు. ఒక్క విభక్తి మారితే ఏటి గట్టున ఉన్నవాళ్ళు సామాను సర్దుకోవాలా వద్దా అన్నది మారిపోతుంది. 2021 నవంబరు వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టిగట్టే కొట్టుకుపోయింది. అంకె పక్కన ఏ గంటకు తీసిన లెక్కో తప్పకుండా వేయి. లెక్క సరిచూసుకోవడానికి ఒకటి గుర్తుపెట్టుకో: క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు; 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే 50 వేలు రోజంతా వస్తే నాలుగు టీఎంసీల పైచిలుకు. సోమశిల మొత్తం పట్టేది 78. నీకు అందిన కాగితంలో రోజుకు నలభై టీఎంసీలని ఉంటే సున్నా ఎక్కువ పడిందన్నమాట, ఇంజనీరుకు ఫోన్ చేసి అడిగాకే పంపు.

తుపాను హెచ్చరికలూ అంతే. కృష్ణపట్నం రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే వాయుగుండం ఇంకా దూరాన సముద్రంలో ఉందని. మూడో నంబరైతే రేవు దగ్గరే ఈదురుగాలులు తగలొచ్చని. నంబరు ఒక్కటే రాసి వదిలేస్తే మత్స్యకారులకు సగం మాటే చెప్పినట్టు. వేటకు పోవచ్చా, ఎప్పటిదాకా పోకూడదు అన్నది కూడా రాయి.

నోట్ విలేకరులందరికీ ఒకే నిమిషంలో వెళ్ళాలి. ముందు ఒకరికి చెప్పి తర్వాత మిగతావాళ్ళకు పంపావంటే నమ్మకం పోతుంది. మారుమూల మండలాల నుంచి వార్త పంపే విలేకరి పేరు పెట్టి పలకరించు, ఆఫీసులో ఫొటోగ్రాఫరుకు, అటెండరుకు చేరిన రోజే నోరారా ధన్యవాదాలు చెప్పు. నీ పని నడిచేది వాళ్ళ చేతుల మీదే.

జాయినింగ్ రిపోర్టు మూడు కాపీలు తీసుకెళ్ళు. ఒకదాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకుని నీ దగ్గరే ఉంచుకో. సర్టిఫికెట్ల అసలు కాపీలు ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు, చూపించి వెనక్కి తీసుకో. మీ అమ్మ నిమ్మకాయ ఊరగాయ సీసా కట్టింది, బ్యాగులో నిలువుగా పెట్టుకో.

మీ నాన్న