పెరుగు పేరు చెప్పి పంచదార తాగిస్తన్నారు

ఎడిటర్ గారికి నమస్కారం. మాది కావలి. పోయిన నెల్లో మీ ఆదివారం పేజీలో పెరుగు, లస్సీ పొట్టకి మంచివి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, తగ్గిస్తాయి అని వేశారు గదా, ఆ కటింగ్ మా వీధి కొట్టాయన ఫ్రిజ్జు తలుపుకి అతికించేశాడు, తలుపు తీస్తే లోపల ఉండేదేమో మామిడి లస్సీ ప్యాకెట్లు, స్ట్రాబెర్రీ పెరుగు డబ్బాలు. మా అత్తకి షుగరుంది. యాంటీబయాటిక్స్ వాడినాక కడుపు బాగలేదని, పేపర్లోనే రాశారు గదమ్మా అంటా రోజుకి రెండు ప్యాకెట్లు లాగించింది, వారం తిరిగేసరికి పరగడుపున మీటర్ పెట్టి చూస్తే మాకే భయమేసింది.

మీరు రాసింది అబద్ధమని నేను అనటంలా. 2021లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 36 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి 10 వారాలు పులిసిన తిండి పెంచి పెడితే పేగుల్లో రకరకాల బ్యాక్టీరియా పెరిగింది, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపించే ప్రొటీన్లు 19 తగ్గాయి. కానీ వాళ్లు తిన్నది పెరుగు, కెఫిర్ అనే పులిసిన పాలు, కిమ్చి అనే పులిసిన కూరగాయలు అన్నీ కలిపి, మన తీపి లస్సీకి అదేం సర్టిఫికెట్ కాదు. ఈ ముక్క మీ వ్యాసంలో రాయలా.

పాలల్లో ఉండే లాక్టోజ్‌ని కొంత తోడులో బ్యాక్టీరియా తినేసి యాసిడ్‌గా మారుస్తది, పులుపు అందుకే వస్తది, ఆ పులుపు నోటికి తెలీకుండా ఉండటానికి కంపెనీవాళ్లు పంచదార గుమ్మరిస్తారు. పంచదార పడగానే బ్యాక్టీరియా చచ్చిపోదు, పెరుగు విషం అయిపోదు, లెక్కే తేడా వస్తది. లేబుల్ మీద యాడెడ్ షుగర్, అంటే పైనుంచి కలిపిన పంచదార, 100 మిల్లీలీటర్లకి 12 గ్రాములని ఉంటే 200 ప్యాకెట్‌కి 24 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది రోజు మొత్తానికి సుమారు 25 గ్రాముల లోపుంటే మేలని, ఇంక మన కాఫీ, టీ ఏ లెక్కలోకి పోవాల? రోజూ అట్ట ఎక్కువైతే బరువు, లివర్‌కి కొవ్వు, వాటితోపాటే ఇన్‌ఫ్లమేషన్, అంటే దేనికోసం తాగామో దానికే ఎదురు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో అయితే చక్కెర ఎక్కువైతే పేగు లోపలి పొర కూడా పలచబడింది, మనుషుల్లో అంతే అని మాత్రం నేను అనను.

ఇంకోటి, ఫ్రిజ్జు లేకుండా నెలల తరబడి నిలవుండే డబ్బా లస్సీలు పులిశాక మళ్లీ వేడి చేసి కట్టినవి, వాటిలో బతికున్న బ్యాక్టీరియా ఏముంటది చెప్పండి.

మా చిన్నప్పుడు ఎండాకాలం చలివేంద్రంలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ పోసేవాళ్లు, ఇప్పుడు పెళ్లిళ్లలో, చలివేంద్రాల్లో కూడా తీపి ప్యాకెట్లే, పిల్లోళ్లు రెండేసి జేబులో పెట్టుకుపోతన్నారు. దయచేసి ఈసారి ఆదివారం పేజీలో యాడెడ్ షుగర్ లైను ఎక్కడ చూడాలో ఒక లేబుల్ ఫొటోతో సహా వేయండి, కొట్టాయన ఫ్రిజ్జు మీద పాత కటింగ్ పక్కన నేనే అతికిస్తా.

మా అత్త ఇప్పుడు ఇంటి మజ్జిగకి మారింది. రోహిణి కార్తెలో మా వీధి చలివేంద్రానికి తోడు తనే వేస్తదంట, ఎవరన్నా పంచదార అడిగితే మాత్రం గరిటె తీస్తదంట.

ఒక పాఠకురాలు, కావలి