శ్రమదానం కాదు, వెట్టి

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ ఆదివారం అనుబంధంలో స్పానిష్ వలస పాలకుల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. పెరూ వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె తొలేదోను గొప్ప పాలనాదక్షుడిగా వర్ణించిన ఆ వ్యాసకర్త, పొతొసి (నేటి బొలీవియాలో ఉంది) వెండి గనుల్లో ఆయన స్థానికుల చేత వంతులవారీగా బలవంతంగా చేయించిన 'మీతా' పనిని 'శ్రమదానం' అని తెలుగు చేశారు. చెన్నైలో తెలుగు మాధ్యమం పిల్లలకు చాలా ఏళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి కనుక ఆ ఒక్క మాట నన్ను కలచివేసింది. దానమన్నది ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడేది. పొతొసికి నడిచి వెళ్లినవారిలో ఇష్టపడి వెళ్లిందెవరు?

తొలేదో సమర్థుడన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ పంపగా 1569లో లిమా చేరిన ఆయన, మరుసటి ఏడాదే రాజధాని వదిలి, అయిదేళ్ల పాటు ఆండీస్ కొండల్లో తిరిగి, తలలు లెక్కించి, పన్నులు ఖరారు చేశారు. పది లక్షలకు పైగా ప్రజలను వారి చిన్న చిన్న పల్లెల నుంచి లేపి, తిన్నని వీధులు, నడుమ చర్చి ఉన్న కొత్త ఊళ్లలో కూర్చోబెట్టారు. పన్ను వసూలుకూ మతబోధకూ మనుషుల లెక్కకూ అది అనువైన ఏర్పాటు. కొండవాలు మీద ఒక్కో ఎత్తులో ఒక్కో పంట వేసుకుని బతికిన కుటుంబాలకు మాత్రం పొలాలూ పూర్వికుల సమాధులూ దూరమయ్యాయి.

ఇక మీతా సంగతి. ఆండీస్ స్థానికుల కెచువా భాషలో ఆ మాటకు 'వంతు' అని అర్థం. స్పానిష్ వారికి ముందు అక్కడ రాజ్యమేలిన ఇంకాల కాలంలో ఇంటింటి నుంచి వంతులవారీగా వచ్చి రోడ్లు వేసేవారు, గిడ్డంగులు కట్టేవారు. పనిలో ఉన్నన్నాళ్లూ తిండీ పానీయమూ రాజ్యమే చూసుకునేది. అప్పుడూ అది పూర్తిగా స్వచ్ఛందం కాదు గానీ, పుచ్చుకున్నదానికి బదులు ఇవ్వాలన్న నియమమైనా ఉండేది. నెల్లూరు వైపు మా తాతగారి ఊళ్లో చెరువు పూడిక తీయడానికి ఇంటికొకరు వంతున వెళ్లేవారని చిన్నప్పుడు వినేవాణ్ణి. తమిళనాట కుడిమరామత్తు అనేదీ ఇటువంటిదే. ఆ ఊరి ఆచారాన్ని చట్టబద్ధమైన నిర్బంధంగా మార్చడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. ఆచారం పేరు అలాగే ఉంచి, దాని లోపలి బంధాన్ని తీసేసి బలవంతాన్ని పెట్టడం పాలకులకు తెలిసిన విద్య. ఆ పనిని తొలేదో దాదాపు మూడు శతాబ్దాల ముందే, చాలా పెద్ద ఎత్తున చేశారు.

పొతొసి కొండలో వెండి 1545లో బయటపడింది. పైపొరలోని మేలైన ఖనిజం రెండు దశాబ్దాల్లో తరిగిపోగా, మిగిలిన నాసిరకం ఖనిజం నుంచి పాదరసంతో వెండి తీసే పద్ధతిని తొలేదో అక్కడ ప్రవేశపెట్టారు. పాదరసం పెరూలోని వాంకావెలికా గనుల నుంచి వచ్చేది. ఖనిజాన్ని పొడి చేసే మిల్లులు తిప్పడానికి కొండల్లో జలాశయాలు కట్టించారు. కొరవడింది మనుషులే. దాదాపు పదహారు ప్రాంతాల నుంచి 18 నుంచి 50 ఏళ్ల మగవారిలో ఏడుగురికి ఒకరు చొప్పున, ఏటా సుమారు 13,500 మంది పొతొసికి రావాలని ఆయన శాసించారు. ఇంకాల పాత రాజధాని కూస్కో దరిదాపుల నుంచి కూడా భార్యాబిడ్డలతో, బరువులు మోసే లామా జంతువుల మీద మూటలతో, నెలల తరబడి నడిచి వచ్చేవారు. దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తున, సొరంగాల్లోకి దిగి, ఖనిజం మూటలు వీపున కట్టుకుని తోలు నిచ్చెనలు ఎక్కేవారు.

కూలి ఇచ్చారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ కూలి తిండికే చాలక, వంతు లేని వారాల్లోనూ అదే గనుల్లో కూలికి దిగవలసి వచ్చేది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించే పని కూడా నిర్బంధ శ్రమేనని మన సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో తేల్చి చెప్పింది. మీతాను తప్పించుకోవడానికి జనం ఊళ్లు వదిలి పారిపోయేవారు. జనం తగ్గినంతగా ఊరి వాటా తగ్గేది కాదు కనుక మిగిలినవారి మీద భారం ఇంకా పెరిగేది. తొలేదో 1581లో స్పెయిన్‌కు తిరిగి వెళ్లి మరుసటి ఏడాది మరణించారు. ఆయన పెట్టిన మీతా మాత్రం 1812లో స్పెయిన్‌లోని కాదిస్ పార్లమెంటు రద్దు చేసేదాకా నిలిచింది.

ఆ వ్యాసం విడిచిపెట్టిన మరో విషయం ఉంది. ఇంకాల చివరి రాజు తుపాక్ అమరును 1572లో, మతాధికారులు ఎంత వేడుకున్నా వినక, కూస్కో నడిబొడ్డున తల నరికించినది ఈ తొలేదోయే. ఇంకాలు దౌర్జన్యంతో రాజ్యమేలినవారని నిరూపించే చరిత్రను పెద్రో సార్మియెంతో అనే స్పానిష్ రచయిత చేత అదే ఏడాది రాయించి, ఇంకా వంశీకులనే కూర్చోబెట్టి చదివి వినిపించి ఔననిపించారు. పాలకుడు రాయించిన చరిత్రను ఎంత జాగ్రత్తగా చదవాలో పిల్లలకు చెప్పడానికి నేను ఏటా ఈ ఉదాహరణే వాడేవాణ్ణి.

ఇదంతా మనకు దూరపు కథ కాదు. మచిలీపట్నంలోనూ, తర్వాత మద్రాసులోనూ బట్టలు కొనడానికి ఐరోపా వర్తకులు తెచ్చిన వెండిలో స్పానిష్ అమెరికా గనులది పెద్ద పాలు. మన నేతగాళ్ల పనితనానికి వెల కట్టిన ఆ నాణేల వెనుక పొతొసి నిచ్చెనలు ఉన్నాయి.

తెలంగాణ పల్లెల్లో దొరల గడీల ముందు తలవంచిన తరాలు మిగిల్చిన మాట 'వెట్టి'. మీతాకు తెలుగులో దగ్గరి మాట అదే. తదుపరి అనుబంధంలో ఆ సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై