మారణకాండకూ ఒక లెక్క

సంపాదకులకు,

మంగోలుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం వాళ్లను మిడతల దండుతో పోల్చింది. మిడతలకు లెక్కలుండవు. మంగోలు సైన్యం నడిచిందే లెక్క మీద. పదిమందికో దళం, అలాంటివి పది కలిస్తే వంద, ఆపైన వెయ్యి, చివరికి పదివేల తుమెన్. పదిమందిలో ఒకరిద్దరు పారిపోతే ఆ పదిమందికీ మరణశిక్షే.

చంపడంలోనూ అదే పద్ధతి. 1220లో చెంఘిజ్ ఖాన్ చేతిలో మధ్య ఆసియా నగరం బుఖారా పడ్డాక అక్కడి బందీలను కాలినడకన పక్క నగరం సమర్‌కంద్ మీదికి తోలారు. నడవలేనివాళ్లను దారిలోనే నరికేశారు. మిగిలినవాళ్లలో పదిమందికో జెండా ఇచ్చి నిలబెడితే, గోడమీంచి చూసినవాళ్లకు అదంతా సైన్యంలాగే కనపడింది. ఇలాంటి బందీల దండును హషర్ అంటారు. కందకం పూడ్చేది, రాళ్లు విసిరే యంత్రాలు లాగేది, గోడమీది బాణాలకు ముందుగా ఎదురయ్యేది వాళ్లే. లోపలివాళ్లు గురిపెట్టి కొడితే చచ్చేది పక్క ఊరివాడు.

ఊరు చేజిక్కాక జనాన్ని బయటి మైదానంలోకి రప్పించి చేతిపనివాళ్లను ఒకవైపు, పడుచువాళ్లను ఇంకోవైపు ఏరేవారు. సమర్‌కంద్‌లో 30,000 మంది చేతిపనివాళ్లను ఖాన్ కొడుకులకు, బంధువులకు పంచారనీ, అంతేమందిని హషర్‌కు తీసుకున్నారనీ పర్షియన్ చరిత్రకారుడు జువైనీ రాశాడు. లొంగితే ప్రాణాలు దక్కేవని వ్యాసకర్త అన్నారు. అది అన్నిచోట్లా నిజం కాదు. 1221లో మర్వ్ అనే ఒయాసిస్ నగరం ప్రాణాలు తీయమన్న మాట తీసుకునే తలుపులు తెరిచింది. అయినా 400 మంది చేతిపనివాళ్లను, కొందరు పిల్లలను మినహాయించి, తక్కినవాళ్లను సైనికులకు తలా మూడు నాలుగు వందల చొప్పున చంపడానికి అప్పగించారని జువైనీయే చెబుతాడు. అక్కడ చనిపోయినవాళ్లు 13 లక్షలన్న ఆయన అంకెను మాత్రం నమ్మలేం. ఆ ఒయాసిస్ అంతమందికి తిండి పెట్టగలిగేది కాదు.

ఇంత లెక్కా తప్పింది గడ్డి దగ్గర. ఒక్కో సైనికుడికి మూడు నుంచి అయిదు గుర్రాలుండేవి. తుమెన్ ఒకచోట ఆగితే చుట్టుపక్కల పచ్చిక త్వరగానే అయిపోతుంది. 1260లో చెంఘిజ్ మనవడు హులగు సిరియా నుంచి పెద్ద సైన్యంతో వెనక్కి మళ్లడానికి అతని అన్న, మంగోలుల చక్రవర్తి మోంకే ఖాన్ మరణం ఒక కారణం. మేత అయిపోయిందని హులగు తానే 1262లో ఫ్రాన్స్ రాజుకు రాసిన లేఖలో చెప్పుకున్నాడు. వెనక మిగిలిన చిన్న సైన్యాన్ని 1260 సెప్టెంబర్ 3న పాలస్తీనాలోని ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టును ఏలుతున్న మమ్లూకులు చిత్తు చేశారు. వాళ్లు వాడిన ఎత్తు కూడా మంగోలులదే: పారిపోతున్నట్టు నటించి, తరిమేవాళ్లను గుట్టల మధ్యకు లాగడం.

ఇట్లు,
ఒక పాఠకుడు