"మీ ఇష్టం" అన్న మాట గురించి మంత్రి గారికి ఒక లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాది వరంగల్ జిల్లాలో నర్సంపేట దగ్గర ఒక ఊరు. మీసేవ కేంద్రంలో ఆపరేటర్‌గా పని చేస్తాను. నాకిప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది, రెండో కాన్పు. పెద్దది పాప, దానికి నాలుగేళ్లు నిండాయి. ఇది ఏ దవాఖాన మీదా ఫిర్యాదు కాదు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. కడుపుతో ఉన్న ఆడదానికి టీకా దగ్గర వినిపించే ఒక మాట గురించి మాత్రమే రాస్తున్నాను. "మీ ఇష్టం" అనే మాట.

నేను దాన్ని మొదటిసారి విన్నది 2021లో. ఆ జనవరి 16న కరోనా టీకాలు మొదలయ్యాయి, నేను నెల తప్పింది కూడా అప్పుడే. ట్రయల్స్‌లో గర్భిణులను తీసుకోలేదు కాబట్టి మాకు వద్దన్నారు. సరే అనుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ వేవ్ ఊళ్లను ఊడ్చేస్తున్నప్పుడు కూడా వద్దనే ఉంది. జూలై 2న కేంద్రం గర్భిణులూ వేయించుకోవచ్చని చెప్పింది. నిన్నటిదాకా వద్దన్నది పొద్దున లేచేసరికి వేయించుకోవచ్చు అయింది. ఎందుకు మారిందో మా ఊళ్లో ఒక్కరూ వచ్చి చెప్పలేదు. నాకు ఏడో నెల. చెకప్‌కు పోయినప్పుడు అడిగాను, "మేడం, వేయించుకోవాల్నా వద్దా?" అని. ఆమె స్కానింగ్ కాగితం మీది నుంచి తల ఎత్తకుండానే "వేయించుకోవచ్చమ్మా. మీ ఇష్టం" అంది. నా వెనక లైన్లో ఇంకో ముప్పై మంది ఉన్నారు. నేను లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆ ఇష్టం నాది కాకుండా పోయింది. "ఇన్ని దినాలు ఆగినం, ఇంక రెండు నెలలు ఆగలేమా బిడ్డా" అని అత్తమ్మ. మా ఆయన ఫోన్‌లో వచ్చిన వీడియోలు నాకు చూపించకుండా దాచి, తను మాత్రం రాత్రంతా చూశాడు. మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. నేను వేయించుకోలేదు. సెప్టెంబర్‌లో పాప పుట్టింది, పాలిచ్చేటప్పుడు వేయించుకున్నాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కదా అని నేను చేసింది సరైన పని అనుకోవడం లేదు. కడుపుతో ఉన్నవాళ్లకు కరోనా ముదిరితే ఐసీయూ దాకా పోయే ప్రమాదం మిగతా ఆడవాళ్ల కంటే ఎక్కువని తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ ఒక్క ముక్క అప్పుడు కూర్చోబెట్టి చెప్పి ఉంటే, అత్తమ్మ ముందు నేను నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. అప్పుడు నేను ఏదీ నిర్ణయించుకోలేదు సార్. బుగులుతో ఊరుకున్నాను, అంతే.

అత్తమ్మను ఇందులో విలన్‌ను చేయకండి. ఆమెకు సూదులంటే పడదనుకుంటే పొరపాటు. నేను నెల తప్పానని తెలిసిన రోజే "టీటీ ఎప్పుడేస్తరో అడుగు" అన్నది ఆమే. టీటీ అంటే ధనుర్వాతం రాకుండా వేసే సూది. ఆమె తర్వాత పుట్టిన తమ్ముడొకడు పురిట్లోనే పోయాడు. ఇంట్లోనే కాన్పు, కొడవలితో బొడ్డు కోశారట. వారానికి పాలు పట్టడం మానేశాడు, దవడలు బిగిశాయి, వీపు విల్లులా వంగింది. ధనుర్వాతానికి ఆ పేరెందుకొచ్చిందో చదువు రాని మా అత్తమ్మకు తెలిసినంత నాకు తెలియదు. అందుకే తల్లికి వేసిన సూది కడుపులో బిడ్డను కాస్తుందంటే ఆమెకు వేరే రుజువు అక్కర్లేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో తల్లులకూ పసిపిల్లలకూ వచ్చే ధనుర్వాతం నిర్మూలన అయిందని చెప్పింది. ఆ సూదీ, దవాఖాన కాన్పులూ, శుభ్రమైన బ్లేడూ కలిసి చేసిన పని అది.

అయితే అత్తమ్మ నమ్ముకున్న టీటీ సర్కారు టీకాల్లో ఇప్పుడు లేదు. 2019 నుంచి దాని స్థానంలో టీడీ వచ్చింది, ధనుర్వాతంతో పాటు కంఠసర్పి (డిఫ్తీరియా) నుంచి కూడా కాపాడేది. మంచి మార్పే. మా ఊళ్లో ఎంతమందికి ఎరుక? ఏఎన్ఎం సిస్టర్ కూడా అలవాటు కొద్దీ "టీటీ ఏసిన" అనే అంటుంది, మేం చేయి చాపుతాం. ఒక సూది ఏమిటో అడగకుండా వేయించుకున్నాం, ఇంకో సూది ఏమిటో అడగకుండానే వద్దన్నాం.

ఇక ఈసారి సంగతి. జూలైలో సబ్ సెంటర్‌కు వెళ్తే "రెండో కాన్పు గదా, ఒక్క బూస్టర్ సాలు" అని సూది వేసి కార్డులో బూస్టర్ గడిలో తేదీ రాశారు. ముందు కాన్పులో రెండు డోసులు పడి, మూడేళ్ల లోపే మళ్లీ గర్భం వస్తే బూస్టర్ ఒకటి చాలు. నాకు ఆ డోసులు పడి అప్పటికి నాలుగేళ్లు దాటింది. అంటే నాలుగు వారాల తేడాతో రెండూ పడాలి. ఈ లెక్క నాకు చెప్పింది ప్రైవేటులో చూసే డాక్టరమ్మ, అదీ చాలా నెలల తర్వాత కార్డు తిరగేస్తూ. సిస్టర్ మీద నాకు కోపం లేదు. ఆమె చూసే ఊళ్లు, నింపే రిజిస్టర్లు, ఎక్కించే యాప్‌లు నా కళ్ల ముందే ఉన్నాయి. కానీ ఆ నియమం నాకు ముందే తెలిసి ఉంటే, చేయి చాపుతూనే "అక్కా, పాపకు నాలుగేళ్లు కావస్తున్నయ్" అనేదాన్ని కదా.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. రెండో టీడీ బదులు టీడాప్ వేయించుకోమంది, ఫ్లూ సూది కూడా వేయించుకుంటే మంచిదంది. రెండూ కలిపి నా పది రోజుల జీతం. ఎందుకు మేడం అంటే "మంచిదమ్మా, మీ ఇష్టం" అంది. మళ్లీ అదే మాట! ఊళ్లోకి వచ్చి ఆశ అక్కను అడిగితే "గవన్నీ పైసల కోసం చెప్తరు. అవసరమైతే సర్కారే ఇయ్యదా?" అన్నది. ఆమె అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. అవసరమైనది సర్కారు ఇస్తుందని మేం నమ్ముతాం. సర్కారు ఇవ్వడం లేదంటే అవసరం లేదనే కదా మాకు అర్థం అయ్యేది?

నాలుగు రోజులు కేంద్రం మూసేశాక కంప్యూటర్ ముందు కూర్చొని చదివాను. కడుపు బరువుతో, అర్థం కాని ఇంగ్లిష్‌తో. తెలిసింది మీకు చెప్తాను, తప్పయితే మీ అధికారులతో దిద్దించండి. టీడాప్‌లో టీడీకి అదనంగా ఉన్నది కోరింత దగ్గు మందు. పుట్టిన బిడ్డకు ఆ దగ్గు నుంచి కాపాడే పెంటా మొదటి డోసు పడేది ఆరు వారాలకు, తర్వాత పది, పద్నాలుగు వారాలకు. ఆ మొదటి ఆరు వారాలు పసిగుడ్డుకు సొంత రక్షణ ఏమీ ఉండదు, ఆ దగ్గు ప్రాణం తీసేది ఎక్కువగా ఆ వయసులోనే. 27 నుంచి 36 వారాల మధ్య తల్లి వేయించుకుంటే ఆమె ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. బ్రిటన్‌లో 2012లో కోరింత దగ్గు విరుచుకుపడి పసిపిల్లలు చనిపోతుంటే గర్భిణులకు కోరింత దగ్గు సూది మొదలుపెట్టారు. మన దేశంలో కాన్పు డాక్టర్ల సంఘం ఫాగ్సి కూడా వేయించుకోమనే చెబుతోంది. ఫ్లూ సంగతీ దాదాపు అంతే. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా వేయరు, తల్లి నుంచి రావాల్సిందే. చేతికి వేసేది చచ్చిన వైరస్‌తో చేసింది, గర్భిణులకు పనికొస్తుంది. ముక్కులో కొట్టే రకం మాత్రం బతికున్న వైరస్, అది మాకు కాదు. ఈ చివరి తేడా చెప్పకుండా "ఫ్లూ టీకా మంచిదే" అని ఊరుకుంటే ఎలా సార్?

అన్నీ చదివి ముప్పయ్యో వారంలో టీడాప్ వేయించుకున్నాను. రెండు రోజులు జబ్బ నొప్పి పెట్టింది, ఒక రాత్రి పెయ్యి కొంచెం వెచ్చబడింది. మా ఆయనకు ముందే చెప్పి పెట్టాను కాబట్టి టెన్షన్ పడలేదు. ఆ సూది సంగతి సర్కారు కార్డులో రాయించుకుందామని పోతే "బయట ఏయించుకున్నది మేమెట్ల రాస్తం" అన్నారు. ప్రైవేటులో చిన్న చీటీ ఇచ్చారు, దాన్ని కార్డుకు స్టేపుల్ చేసి పెట్టుకున్నాను. రేపు నొప్పులు వచ్చి ఏ దవాఖానకు తీసుకుపోయినా ఆ చీటీ ఊడిపోకుండా ఉండాలి.

చదువుతుంటేనే ఇంకోటి తెలిసింది, అది తెలిసి గుండె జారింది. రుబెల్లా. గర్భం మొదటి నెలల్లో తల్లికి అది వస్తే బిడ్డకు కళ్లు, చెవులు, గుండె దెబ్బతింటాయి. దాని టీకా గర్భంతో ఉన్నప్పుడు వేయరు, ముందే వేయించుకుని కనీసం నెల రోజులు ఆగాలి. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ మీజిల్స్ రుబెల్లా సూది వేశారు. మా చెల్లె బడిలో వేయించుకుని చాక్లెట్ తింటూ ఇంటికి వచ్చింది. నేను డిగ్రీలో ఉన్నాను, నా వయసు దాటిపోయింది. నాకు ఆ జబ్బు చిన్నప్పుడు వచ్చి పోయిందో లేదో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఇష్టపడి చేయగలిగింది కూడా లేదు. నాలాంటి వాళ్లు, అంటే అప్పటికి పదిహేను దాటినవాళ్లు, ఇప్పుడు ఊరూరా పిల్లల్ని కంటున్నారు.

దీనికి ఒక దారి నా టేబుల్ మీదే కనిపిస్తోంది. ఆడపిల్లల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ సాయం దరఖాస్తులు నింపేది మేమే. కొత్త పెళ్లికూతురు పెళ్లి ఫొటో పట్టుకుని నా ఎదురుగా కూర్చుంటుంది. (చెక్కు వచ్చేసరికి చంకలో బిడ్డ ఉంటోందని మీకు తెలియంది కాదు, అది వేరే లేఖకు సంగతి.) ఆ రశీదుతో పాటు ఒక కాగితం ఇవ్వనివ్వండి: రుబెల్లా టీకా పడిందా, పడకపోతే గర్భానికి ముందే అడగండి అని. మాకు పైసా ఇవ్వక్కర్లేదు, ప్రింటవుట్ మేమే తీస్తాం. ఆ అమ్మాయి పీహెచ్‌సీకి పోయి అడిగితే అక్కడ సూది ఉండేలా చూడటం మాత్రం మీ పని.

మీసేవలో నేను నేర్చుకున్నది ఒకటుంది. వేలిముద్ర వేసే ముందు దరఖాస్తులో ఏముందో చదివి వినిపిస్తాను. రెండు నిమిషాలు పడుతుంది. చదువుకున్నవాళ్లు విసుక్కుంటారు, చదువు రానివాళ్లు మాత్రం కొంగు సర్దుకుని ముందుకు వంగి వింటారు. "గీడ నా భూమి సర్వే నంబర్ తప్పున్నది" అని ఒక ముసలామె పట్టుకుంది కూడా. కడుపులో బిడ్డ సంగతి భూమి కంటే తక్కువా?

ప్రతి నెలా 9న గర్భిణుల చెకప్‌కు ఎలాగూ వస్తాం. ఆ రోజు ఒక బల్ల, రెండు కుర్చీలు, మాట్లాడటమే పనిగా ఒక నర్సు. భర్తను, అత్తను కూడా కూర్చోబెట్టాలి, ఎందుకంటే ఇంట్లో మాట చెల్లేది వాళ్లది. ఈ సూది దేనికి, ఎన్నో నెలలో, వేస్తే ఏమవుతుంది, వేయకపోతే ఏమవుతుంది, సర్కారు ఇచ్చేవి ఏవి, ఇవ్వనివి ఏవి, ఎందుకు ఇవ్వడం లేదు. ఈ చివరిది చెప్పడానికి మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పించండి. పైసలు చాలక ఇవ్వడం లేదంటే అర్థం చేసుకుంటాం, అప్పు చేసైనా కొనాలా వద్దా అన్నది మేం చూసుకుంటాం. ములుగు, ఆదిలాబాద్ వైపు కోయ, గోండు, లంబాడా తల్లులకు తెలుగు కాగితం పనికిరాదు, వాళ్ల భాషలో చెప్పే మనిషి కావాలి. ఈ పనిని మాత్రం దయచేసి ఆశల మీదకు ఇంకో రిజిస్టర్‌గా తోయకండి.

విన్న తర్వాత కూడా ఒకామె వద్దంటే, వద్దననివ్వండి. "సూది ఏసుకోకుంటే పైసలు పడయ్" అని బెదిరించి వేయించడం నేను చూశాను. అలా వేయించుకున్నామె తర్వాతి కాన్పులో నెల తప్పిన సంగతే ఐదో నెల దాకా దాచింది.

2026 జనవరి 28 నుంచి మేడారం జాతర. పాప పుట్టినప్పుడు మొక్కిన నిలువెత్తు బంగారం (అంటే బెల్లం) బాకీ ఉంది, అత్తమ్మ పోయి తీర్చి వస్తానంటోంది. అంత జనంలో తిరిగి, దగ్గో జ్వరమో పట్టుకుని ఇంటికొస్తుంది. నాకు ఫిబ్రవరి రెండో వారం డేట్ ఇచ్చారు. ఫ్లూ సూదికి జీతం పడ్డాక వెళ్తాను. ఈసారి అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, కోరింత దగ్గు పసిపిల్లలకు ఎవరి నుంచి అంటుకుంటుందో, నేను ఏం వేయించుకున్నానో మొత్తం చెప్పాను. తల్లే కాదు, ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ఎవరి నుంచైనా రావచ్చని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"ముందుగాల గిట్ల చెప్పినోళ్లు లేరు," అన్నది చివరికి. "మరి నాకు గూడ ఏస్తరా గా సూది?"

సర్కారు దవాఖానలో అది లేదని చెప్పాను.

"గట్లయితే ఎవర్నడగాలె?" అన్నది. అందుకే మీకు రాస్తున్నాను.

ఇట్లు,
ఒక మీసేవ ఆపరేటర్,
నర్సంపేట, వరంగల్ జిల్లా