మాస్టర్ ప్లాన్‌లో ఎండకు చోటేది?

ఎడిటర్ గారికి,

'మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయటికి రావద్దు' అన్న అధికారుల సూచన గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. ఏటా అదే ప్రకటన, పక్కన అదే ఓఆర్ఎస్ ప్యాకెట్ల ఫొటో. సరే, పగలు రాము. మరి మన నల్లగొండలో రాత్రి సంగతేంది? పది దాటినా పడమటి గోడ పెనంలా కాలుతోంది. సింటెక్స్ ట్యాంకు నీళ్లు ఒంటిమీద పోసుకోలేం. రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు ఏ నాలుగు గంటలు తప్పించుకోవాలో కూడా రాస్తే పుణ్యముండేది.

పగలంతా ఎండ తాగిన సిమెంటు, తారు, గ్రానైటు రాత్రంతా ఆ వేడిని కక్కుతాయి. చెట్టూ చెరువూ ఉన్నచోట వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. అవి లేనిచోట మొత్తం మన నెత్తినే. లండన్ పట్నం చుట్టుపక్కల పల్లెల కన్నా వెచ్చగా ఉంటోందని ల్యూక్ హోవర్డ్ అనే ఆయన 1818లోనే లెక్కలతో సహా అచ్చేశాడు. మన ప్లానింగ్ ఆఫీసులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

జర్మనీలో స్టుట్‌గార్ట్ కూడా గుట్టల నడుమ ఉన్న ఊరే. అక్కడి నగరపాలిక 1938లోనే వాతావరణ నిపుణుణ్ణి కొలువులో పెట్టుకుంది. రాత్రిపూట గుట్టల మీంచి దిగే చల్లగాలి ఏ దారిన వస్తుందో మ్యాపు గీసుకుని, ఆ దారికి భవనాలు అడ్డం రాకుండా చూసుకుంటారు. మనకూ లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది, కాపురాల గుట్ట ఉంది, అటు పానగల్లు ఉదయ సముద్రం ఉంది. గాలి ఎటునుంచి ఎటు పోతుందో అడిగిన నాథుడు లేడు. ఇక్కడ మాస్టర్ ప్లాన్ అంటే ఎవరి జాగా కమర్షియల్ జోన్‌లో పడిందో చూసుకోవడమే.

2010 మే ఎండలకు ప్రాణాలు పోయాక అహ్మదాబాద్ నగరపాలిక, పరిశోధకులను పక్కన కూర్చోబెట్టుకుని 2013లో హీట్ యాక్షన్ ప్లాన్, అంటే ఎండల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక తెచ్చుకుంది. మన రాష్ట్రమూ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, కాదనను. సర్కారు, వ్యాపార భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న ఇళ్లకు చల్లని పైకప్పు, అంటే తెల్లరంగులాగా ఎండను తిప్పికొట్టే కప్పు తప్పనిసరి అన్నారు. ఊళ్లో తెల్లరంగు వేసిన సర్కారీ స్లాబు ఎవరైనా చూపిస్తే దండేసి దండం పెడతా. అయినా 600 గజాలాయన ఏసీ వేసుకుంటాడు. అరవై గజాల రేకుల ఇంటికేమో 'ఇష్టమైతే వేసుకో' అట! వడదెబ్బతో పోతే ఇంటివాళ్లకిచ్చే సాయం 2025లో నాలుగు లక్షలు చేశారు. ఆ నాలుగు లక్షలతో ఎన్ని కప్పులకు సున్నం కొట్టొచ్చో లెక్కేశారా?

ఇక సుందరీకరణ. నీడనిచ్చే యాప చెట్లు కొట్టేసి, డివైడర్ మధ్యలో కోనోకార్పస్ నాటారు. దాని నీడలో నిలబడాలంటే రోడ్డు నడుమ నిలబడాలి. బస్ షెల్టర్లలో స్టీలు కుర్చీలు వేశారు, మధ్యాహ్నం కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎగిరి లేస్తున్నాడు. వెనకటి ఓవర్సీరు సైకిల్ మీదన్నా ఊరంతా తిరిగేవాడు. ఇప్పటి సార్లు కారు అద్దం దించితే కదా ఎండ తెలిసేది.

బయలు జాగాలో, తెల్ల పెట్టెలో పెట్టిన వాతావరణ శాఖ ఒక్క థర్మామీటరు చెప్పే అంకె ప్రకాశం బజార్‌కు వర్తించదు. గడియారం సెంటర్‌లో, బస్తీల్లో, కొత్త వెంచర్లలో పగలూ రాత్రీ వేడి కొలిపించండి. ఇక్కడి మహాత్మాగాంధీ యూనివర్సిటీ పిల్లలకు అప్పజెప్పినా చేస్తారు. ఆ లెక్కలు చేతికొచ్చేదాకా కొత్త ప్లానుకు ముద్ర వేయకండి, డివైడర్ల గ్రానైటు టెండర్లూ ఆపండి. ఎవరి బిల్లో ఆగిపోతుందంటే, ఆగనివ్వండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రామగిరి, నల్లగొండ