శేరు మీద గోపురం

అనంతపురం,
ఆదివారం పొద్దున

ఒరేయ్ గడ్డనూనె,

తిట్టుకోబాకప్పా. దసరాకే రాద్దామనుకుంటి, దీపావళి గూడా పాయ, ఇప్పుడు సంక్రాంతి నెత్తిమీదికొచ్చింది. ఇంట్లో అందరూ బాగుండారు. నాయన మోకాళ్ళు అట్లే ఉండాయి. శనక్కాయ బుడ్డలకు ఊడలు దిగే టయానికి వాన మొహం చాటేసె, పెట్టుబడి గూడా రాలే. చెల్లెలి సంబంధం సంగతి ఇంకోసారి రాస్తా. ఇవి గాదురా నేను చెప్పాలనుకున్నది.

అయిదో తరగతికి పదార్థ స్థితులు చెప్తాంటి. ఒక రాయి, చెంబులో నీళ్ళు, ఒక ఊదుబత్తి పెట్టుకున్నా. (పొగను వాయువంటే తప్పే, దాంట్లో సన్నటి ఘన రేణువులు గాల్లో తేలుతుంటాయి. నాకు తెలుసు. ఇది చదివి నీ మొహం ఎట్ల పెడతావో గూడా తెలుసు. గాలికి రంగు లేకపాయె, ఇంగేం చూపియ్యాల?) ఘనానికి సొంత ఆకారముంటాది, ద్రవం ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారం తీసుకుంటాది, వాయువు చోటు దొరికినంత మేరా నిండిపోతాది అని బోర్డు మీద రాసి చేతులు దులుపుకుంటి.

రెండో వరుసలో ఒక పిల్ల లేచింది. వాళ్ళమ్మ సంతలో బొరుగులమ్ముతాది. "సార్, బొరుగులు గూడా శేరులో పోస్తే శేరు మాదిరి, సంచిలో పోస్తే సంచి మాదిరి అవుతాయి గదా. అవి ద్రవమేనా?"

"కాదమ్మా" అంటి.

"ఏమిటికి కాదు సార్?"

"ఏమిటికంటే..." అని సుద్దముక్క పట్టుకుని బోర్డు దిక్కు తిరిగి నిలబడిపోతి. 11 ఏండ్ల సర్వీసు రా నాది! ఎనకనుంచి ఒకడు "ఇసక గూడా సార్!" అనె. ఇంకొకడు చక్కెర, ఇంకొకడు ఉప్పు, ఇంకొకడు రాగిపిండి. క్లాసంతా అంగడి చీటీ చదువుతాంది. అప్పుడు మన బుక్కపట్నం డైట్ కాలేజీలో టీచరు ట్రైనింగప్పటి మంత్రం వాడినా: "రేపు చూద్దాం." నవ్వుతాండావు గదా? నవ్వు నవ్వు. ఆ మంత్రం ఏ వైవాలో, ఎవరు కనిపెట్టినారో నేనింతవరకు ఎవరికీ చెప్పలే.

రాత్రి నిద్రపడితే ఒట్టు. ఒక్కొక్క గింజ ఘనమే అని చెప్పొచ్చు. "మరి అన్నీ కలిస్తే నీళ్ళ మాదిరి ఎట్ల పారుతాయి సార్" అంటుంది గదా ఆ పిల్ల. అంటుంది. దాన్ని నువ్వు చూడలే.

మర్నాడు తనే శేరు తెచ్చింది. పాత ఇనప శేరు, అంచు చేతులు రాసుకుని రాసుకుని మెరుస్తాంది, అడుగున ఒక సొట్ట. పేపరు పరిచి బొరుగులు పోసింది. నిండినా ఆపలే. పోస్తానే ఉంది, అంచు పైన గోపురం లేచింది. "మా అమ్మ ఇట్లే ఇస్తాది సార్. పక్కంగడామె అరచెయ్యి పెట్టి గీకేస్తాది." బొరుగులు తీసేసి నీళ్ళు పోసింది. అంచుదాకా వచ్చినాయి, కారిపోయినాయి. "నీళ్ళకు గోపురం నిలవదు సార్" అని పోయి కూర్చుంది.

అంతేరా! ద్రవం వాలుగా నిలబడలేదు, పారి పారి మట్టమైపోతాది. గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటాయి గాబట్టే కుప్ప నిలుస్తాది. ఎండిన ఇసక కుప్ప పోసి కోణమానిని పెట్టి చూస్తిమి: 34 డిగ్రీలు. చెదరగొట్టి మళ్ళ పోస్తే 33. ఇంగా పోస్తే కుప్ప పెద్దదయ్యె గానీ వాలు మాత్రం ఆడాడే!

మళ్ళ ఆ పిల్లే: "కొనేవాళ్ళు శేరును తట్టమంటారు సార్, తడితే బొరుగులు దిగుతాయి, మా అమ్మ తట్టనీదు." నూనె ఎంత తట్టినా దిగదు గదా! ఈ సందుల్లో ఏముందిరా అనడిగితే "ఏమీ లేదు సార్" అని అందరూ ఒకటే రాగం. 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసు నిండా ఇసక పోసి, పైనుంచి నిదానంగా నీళ్ళు పోస్తిమి. బుడబుడమని బుడగలు. నిండు గ్లాసు 75 మిల్లీలీటర్లు తాగె, చుక్క పొర్లలే. ఘనం, ద్రవం, వాయువు ఒకే గ్లాసులో. ఊదుబత్తి లేకుండా గాలిని చూపించినా రా!

ఆడికి ఆపినా బాగుండు. ఒకడు నీళ్ళు నిండిన శేరు పక్కన గడ్డం ఆనించి, కన్ను అంచుకు సమానంగా పెట్టి, "సార్, నీళ్ళకీ గోపురముంది" అనె. వంగి చూస్తే నిజమే. మిల్లీమీటరో రెండో, అంచు దాటి ఉబ్బి ఉంది. తలతన్యత అని చెప్పి, నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల పైమట్టం బిగుసుకున్న పొర మాదిరి ఉంటాదని చెప్తిని. ఆ పిల్లకు రోషమొచ్చె: "అది గోపురమా సార్? రొంత ఉబ్బింది, అంతే." క్లాసు రెండు పార్టీలైపాయ. ఇప్పటికీ రాజీ కుదర్లే.

శేరు మాత్రం బుధవారం సాయంత్రమే తీసకపాయ. గురువారం సంత. ఆ రోజు ఆ పిల్ల బడికి రాదు, ఏ గురువారమూ రాదు. వచ్చే ఏడాది ఆరో తరగతికి పంపిస్తారో లేదో వాళ్ళమ్మను అడగాల. ఎట్ల అడగాలో... సరేలే.

పొద్దున కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంటే నువ్వే గుర్తొచ్చినావు. 24 డిగ్రీలు దాటితే కరిగేదానికి, సీసా చంకలో పెట్టుకుని దుప్పటి కప్పుకున్న మహానుభావుడివి నువ్వొక్కడివే. మూత సంగతి నేనెత్తను. వార్డెన్ దిండు సంగతి అసలెత్తను.

ఇంగోటి రా, మర్చిపోతాంటి. శుక్రవారం అదే పిల్ల: "కర్పూరం ముట్టించకపోయినా డబ్బాలో తగ్గిపోతాది, నీళ్ళయ్యేది మాత్రం ఎవరూ చూడలే. యాడికి పోతాది సార్?" ఇది నాకొచ్చు! ఘనం నేరుగా ఆవిరైపోవడం, ఉత్పతనం అని గడగడా చెప్పేసినా. అప్పుడు తాపీగా అడిగె: "మరి మా అవ్వ ఆ డబ్బాలో మిరియాలు ఏమిటికేస్తాది సార్?"

రేపు చూద్దాం అన్నా. రేపంటే సోమవారం. నీకేమన్నా తెలిస్తే బిన్నా రా... నాయన బండి స్టార్టు చేసి హారన్ కొడతాండాడు, కవరు గూడా అతికియ్యలే