గట్టిగా పట్టుకోవాలి, లాగితే వదిలెయ్యాలి: మా ఏప్రన్ క్లిప్పు గురించి కస్టమర్లకు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

కొంతకాలంగా మీలో చాలామంది ఫోన్లలో, మెసేజుల్లో ఒకే మాట అంటున్నారు: "మేడం, క్లిప్పు ఇంకొంచెం టైట్‌గా పెట్టించండి. గట్టిగా లాగితే ఊడొచ్చేస్తోంది." మ్యాగ్నెట్ మోడల్ ఎప్పుడు తెస్తారని కొందరు, రేటు పెంచుతున్నారట నిజమేనా అని ఇంకొందరు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేచోట చెబుదామని రాస్తున్నాను. క్లిప్పు ఇంతకంటే టైట్ చెయ్యం. మ్యాగ్నెట్ తేవడం లేదు. రేటు పెరుగుతున్న మాట నిజమే. ఎందుకో చెబుతాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందు వస్తువు సంగతి. మా ఏప్రన్‌కి తాళ్లు ఉండవు. అంగుళం వెడల్పున్న ఎలాస్టిక్ పట్టీ నడుము వెనక నుంచి వస్తుంది. దాని రెండు కొసలకీ చెరో స్టీలు క్లిప్పు ఉంటుంది. ఏప్రన్ రెండు పక్కల అంచుల్నీ అవి పట్టుకుంటాయి. మెడకి కూడా ఇలాంటిదే చిన్న పట్టీ, పొడవు సర్దుకోవడానికి బకిల్‌తో. చేతులు వెనక్కి పెట్టి ముడి వెయ్యాల్సిన పని లేదు. ఒక పక్క తగిలించి, పట్టీని వెనక నుంచి తిప్పి తెచ్చి, రెండో పక్క కూడా కళ్ల ముందే తగిలించుకోవచ్చు. దీనికి మా ఏప్రనే ఉండాలని లేదు. ఇంట్లో ఉన్న పాత ఏప్రన్‌కీ పనికొస్తుంది, శుభ్రమైన తువ్వాలుకీ పనికొస్తుంది.

ఇక టైట్ సంగతి. మా క్లిప్పు సుమారు 3 కిలోల లాగుడు దాకా పట్టుకుంటుంది, అది దాటితే వదిలేస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ కొన్ని క్లిప్పులు తీసి, లగేజీ తూచే హుక్కు తూకానికి తగిలించి లాగి చూస్తాం. వంగినా, లేచినా, పొయ్యి దగ్గర అటూ ఇటూ తిరిగినా, ముందు జేబులో ఫోను, కర్చీఫు పెట్టుకున్నా అంత బలం పడదు. అంత బలం పడిందంటే ఏప్రన్ ఎక్కడో చిక్కుకుందనే అర్థం. అప్పుడు అది ఊడి రావాలి. కావాలనే అలా పెట్టించాను.

హోటల్ వంటగదిలో తిరిగే మిషన్లు ఎన్ని ఉంటాయో టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. టిల్టింగ్ గ్రైండరు, పిండి కలిపే మిషను, కొబ్బరి కోరే మిషను, బయట చెరకు రసం బండి రోలర్లు. వెనక ముడి వేసిన తాడు కొస ఒక జానెడు వేలాడుతూ ఉంటుంది. అది ఏ షాఫ్టుకో చుట్టుకుందంటే నూలు తాడు తెగదు, ముడి విడదు. మనిషినే లోపలికి లాగుతుంది. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించేవాళ్లు, దానికి నూనె వేసేవాళ్లు ఒంటికి బిగుతుగా ఉండే బట్టలే వేసుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే ఉండేది. ఫ్యాక్టరీల్లో మెడలో వేసుకునే ఐడీ కార్డు తాళ్లకి వెనక ఊడిపోయే బకిల్ పెట్టేది కూడా ఇందుకే. వంటగదికి మాత్రం ఆ ఆలోచన ఎందుకో రాలేదు.

అయితే క్లిప్పు ఉంది కదా అని గ్రైండర్ దగ్గర జాగ్రత్త తగ్గించకండి. ఊడేది ఏప్రన్ ఒక్కటే. చీర కొంగు, చున్నీ ఊడవు. కొంగు బిగించి దోపుకోండి, చున్నీ తీసి పక్కన పెట్టండి. మిషన్‌లో పిండి తియ్యాలంటే ముందు స్విచ్ ఆపండి. మా వస్తువు ఒక ప్రమాదాన్ని తగ్గిస్తుంది, అంతే. అన్నిటినీ ఆపుతుందని నేను ఎవరికీ చెప్పలేదు, మీరూ అలా చెప్పి మీ దగ్గర పనిచేసేవాళ్లకి ధైర్యం ఇవ్వకండి.

రెండో కారణం వేడి. మరిగే సాంబారో, బూరెల మూకుట్లో నూనో ఏప్రన్ మీద పడితే, ఆ గుడ్డ వేడిని ఒంటికి అలాగే అదిమి పట్టి ఉంచుతుంది. గుడ్డ ఒంటి మీద ఎంతసేపు ఉంటే కాలడం అంత లోతుకి వెళ్తుంది. ఆ కంగారులో చేతులు వెనక్కి పెట్టి ముడి విప్పుదామంటే అది పీటముడి పడి కూర్చుంటుంది. మా ఏప్రన్‌ని ముందు నుంచి పట్టుకుని ఒక్క లాగు లాగితే చాలు, వచ్చేస్తుంది. మా దగ్గర కొన్నా కొనకపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి: తడిసిన బట్ట వెంటనే తీసెయ్యాలి, చర్మానికి అంటుకుపోతే మాత్రం పీకకూడదు, కాలిన చోట 20 నిమిషాల పాటు కుళాయి నీళ్లు ధారగా పోస్తూ ఉండాలి. ఐస్ వద్దు, టూత్‌పేస్టు వద్దు.

ఏప్రన్ గుడ్డ నూలుదే వాడేది కూడా ఈ వేడి వల్లే. పాలిస్టర్ చవక, మరక త్వరగా పోతుంది, ముడతలు పడదు, అవన్నీ నిజమే. కానీ మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు గుడ్డా కాలుతుంది గానీ కరగదు. ఎలాస్టిక్‌లో ఎలాగూ సింథటిక్ ఉంటుంది కాబట్టి ఆ పట్టీ మొత్తం వెనకవైపు, మంటకి దూరంగా ఉండేలా పెట్టాం.

మ్యాగ్నెట్ సంగతికి వస్తాను. చూడ్డానికి అందంగా ఉంటుంది, టక్కున అంటుకుంటుంది, వీడియోల్లో చూసి మీరు అడగడంలో తప్పు లేదు. చిన్న సైజులో గట్టి పట్టు కావాలంటే నియోడిమియం మ్యాగ్నెట్ వాడాలి. మామూలు గ్రేడు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది, చల్లారాక ఆ బలం పూర్తిగా తిరిగి రాదు. అంట్లు తోమే ఇనుప పీచు తునకలు దానికి అంటుకుంటాయి, అక్కడి నుంచి వంటలో పడతాయి. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు అనుకున్నా, నన్ను పూర్తిగా వెనక్కి లాగినవి వేరే రెండు. మెడ పట్టీ క్లిప్పు వచ్చేది సరిగ్గా ఛాతీ మీద. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇలాంటి గట్టి మ్యాగ్నెట్లని కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని డాక్టర్లు చెబుతారు. మా కస్టమర్లలో పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు. ఇక రెండోది, చిన్నపిల్లలు. పగిలి ఊడిన మ్యాగ్నెట్లు రెండు పిల్లవాడు మింగితే, పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగు గోడని నొక్కి చిల్లు పెడతాయి. ఆపరేషన్ దాకా వెళ్తుంది. వంటింట్లో పాకే పిల్లలు ఉంటారు. అందుకే ఎంతమంది అడిగినా ఆ మోడల్ చెయ్యను.

వెల్క్రో అడిగినవాళ్లకి కూడా ఇక్కడే చెబుతాను. స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ ద మెస్త్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకి అంటుకున్న ముళ్లకాయల్ని చూసి ఆ ఆలోచన పట్టాడు, 1955లో అమెరికా పేటెంట్ వచ్చింది. గొప్ప వస్తువే, లాగితే వదులుతుంది కూడా. మన వంటగదికి దానితో ఇబ్బంది ఏమిటంటే, ఆ చిన్న చిన్న కొక్కేలలో మైదా, శనగపిండి, దారప్పోగులు ఇరుక్కుని కొన్నాళ్లకే పట్టు పోతుంది. పైగా చీర మీద కట్టుకుంటే పట్టు, షిఫాన్ దారాల్ని లాగేస్తుంది. పెళ్లిళ్లలో వడ్డించే ఆడవాళ్లు ఖరీదైన చీరల మీదే ఏప్రన్ వేసుకుంటారు, వాళ్ల చీర పాడైతే ఏం చెప్పగలను? టిచ్ బటన్లు బాగానే ఉంటాయి, కానీ బటన్ ఉన్నచోటే పెట్టాలి, నడుము కొలత మారితే సర్దుకోదు. మా క్లిప్పు అంచు మీద ఎక్కడైనా పట్టుకుంటుంది. లోపలి వైపు పళ్లు లేవు, మెత్తటి సిలికాన్ ప్యాడ్ ఉంది.

ఆ ప్యాడ్ నీలం రంగులోనే ఎందుకు, నలుపో మెరూనో పెట్టొచ్చుగా, ఏప్రన్‌కి మ్యాచ్ అవుతుందిగా అని కొందరు అడిగారు. నీలం రంగు వంటకాలు మనకి దాదాపు లేవు. ప్యాడ్ ఎప్పుడైనా ఊడి పప్పులోనో బిర్యానీలోనో పడితే వెంటనే కంటపడాలి. ఆహార ఫ్యాక్టరీల్లో వేలికి వేసే ప్లాస్టర్లు కూడా ఇందుకే నీలం రంగులో ఉంటాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో షెడ్యూల్ 4 చదవండి: పనివాళ్ల బట్టలు శుభ్రంగా ఉండాలని, ఆహారంలో పడే అవకాశమున్న నగలు, వాచీలు, పిన్నుల్లాంటివి వంటచోట పెట్టుకోకూడదని ఉంటుంది. తాడు తెగిన ఏప్రన్‌కి పిన్నీసు గుచ్చి పని కానిచ్చేసే అలవాటు చాలా హోటళ్లలో ఉంది. మా దగ్గర కొనకపోయినా సరే, ఆ పిన్నీసు మాత్రం తీసెయ్యండి.

ఇప్పుడు రేటు. ఇంతవరకు క్లిప్పు మామూలు ఇనుప రేకుది, పైన నికెల్ పాలిష్. ఇళ్లలో వాడేవాళ్లకి అది బాగానే ఉంది. హోటళ్లలో మాత్రం రోజంతా చింతపండు పులుసు, ఉప్పు, చెమట తగులుతుంటే, మీట రాసుకునే చోట పాలిష్ అరిగి తుప్పు మొదలవుతోంది. తెల్ల ఏప్రన్ మీద ఎర్ర మరక పడితే ఎంత చిరాకో నాకు తెలుసు. అందుకని ఈ బ్యాచ్ నుంచి రేకు 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, స్ప్రింగు 302 గ్రేడు వాడుతున్నాం. 304 అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన స్టీలు, మంచి స్టీలు వంటపాత్రలు ఎక్కువగా చేసేది దానితోనే. మెడ దగ్గర చర్మానికి తగిలినా నికెల్ పాలిష్ లాగా దురద పెట్టే అవకాశం చాలా తక్కువ. ఈ రేకు గట్టిది కాబట్టి, రేకుని క్లిప్పు ఆకారంలో వత్తే పాత అచ్చు (డై) సరిపోలేదు, బాలానగర్‌లో కొత్త డై చేయించాల్సి వచ్చింది. ఒకప్పుడు రేకుల పని, డైల పని అంటే మనం వేరే రాష్ట్రాల వైపు చూసేవాళ్లమేమో గానీ, 1968లో అక్కడ టూల్ డిజైన్ సంస్థ పెట్టాక, చుట్టుపక్కల ఆ పని తెలిసిన చేతులకి కొదవ లేదు. క్లిప్పు హైదరాబాద్‌లోనే తయారవుతోందని చెప్పుకోవడం నాకు సంతోషంగా ఉంది.

నడుము పట్టీ, మెడ పట్టీ కలిపి సెట్టు ఇంతకుముందు 180 రూపాయలు. ఇప్పుడు 240. పెరిగిన 60లో ఎక్కువ భాగం స్టీలుకీ డైకీ పోతుంది. మిగిలింది కుట్టే ఆడవాళ్ల పీసు రేటు పెంచడానికి. వాళ్ల రేటు తగ్గించి మీకు 220కి ఇవ్వొచ్చు, అది నాకు ఇష్టం లేదు. పాత సెట్టు ఉన్నవాళ్లు, తుప్పు లేకపోతే, కొత్తది కొనకండి. అనవసరం. తుప్పు మొదలైతే క్లిప్పులు మాత్రమే విడిగా 80 రూపాయలకి పంపుతాం, పట్టీ కొసలో లూపు నుంచి పాతవి తీసి కొత్తవి ఎక్కించుకోవచ్చు.

ఇది అందరికీ పనికిరాదు. చేపల మార్కెట్లో వేసుకునే మందపాటి ప్లాస్టిక్ ఏప్రన్ తడిస్తే ప్యాడ్ మీద జారిపోతుంది. వెల్డింగ్ చేసేవాళ్ల తోలు ఏప్రన్ క్లిప్పు నోట్లో పట్టదు. అలాంటివాళ్లు అడిగితే మా దగ్గర కొనొద్దనే చెబుతున్నాను.

వాడేవాళ్లకి రెండు మాటలు. ఏప్రన్ ఉతికేముందు పట్టీ తీసెయ్యండి. హోటల్ ఏప్రన్లని వేడి నీళ్లలో, బ్లీచింగ్ పౌడర్‌తో ఉతుకుతారు, క్లోరిన్ తగిలితే ఎలాస్టిక్ సాగి చచ్చిపోతుంది. పట్టీని సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరేస్తే చాలు. తాళ్లు లేని ఏప్రన్లు మిషన్‌లో ఒకదానికొకటి చుట్టుకోవు, ఆ సుఖం వాషింగ్ చూసుకునేవాళ్లని అడగండి. మనిషికి ఒక పట్టీ, నాలుగైదు ఏప్రన్లు ఉంటే సరిపోతుంది. ఇంట్లో పాత ఏప్రన్‌కి వాడేటట్టయితే, తాళ్లు కత్తిరించి, క్లిప్పు పట్టే చోట లోపలివైపు రెండంగుళాల పాత జీన్సు ముక్క వేసి కుట్టండి. ఒంటి పొర గుడ్డ మీద రోజూ ఒకేచోట పట్టిస్తే అక్కడ చిరుగుతుంది. పట్టీ కొలత ఇచ్చేటప్పుడు చీర మీద కట్టుకునేవాళ్లు చీర మీదే నడుము కొలవండి, కుచ్చిళ్ల మందం కూడా లెక్కలోకి రావాలి.

ఆర్డర్ల విషయం. కొత్త డై ఆలస్యం కావడంతో పెండింగ్ ఆర్డర్లన్నీ వెనకబడ్డాయి. ముందు టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, క్యాటరింగ్ వాళ్లవి పంపుతున్నాం, పెళ్లిళ్ల సీజన్ వాళ్లకోసం ఆగదు కాబట్టి. ఇళ్లకి కావాల్సినవి ఆ తరవాత. పాత రేటు కట్టేసినవాళ్లకి కొత్త స్టీలు క్లిప్పే వస్తుంది, తేడా డబ్బు అడగం. ఆగలేనివాళ్లు చెప్పండి, డబ్బు వెనక్కి వేస్తాం.

ఇంకొక్క పని మీద ఉన్నాం. షుగర్ ఉన్నవాళ్లలో భుజం పట్టేసి చెయ్యి వెనక్కి వెళ్లని ఇబ్బంది ఎక్కువ. అలాంటి పెద్దావిడలు చాలామంది మా పట్టీ వాడుతున్నారు, ముందు నుంచే తగిలించుకోవచ్చు కాబట్టి. కానీ పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పనిచెయ్యనివాళ్లకి ఇప్పటి పట్టీ కూడా కష్టమే. మీట నొక్కడానికి, గుడ్డ పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. ఒంటిచేత్తో అంచు మీదకి తోస్తే పట్టుకునే క్లిప్పు నమూనాలు కొన్ని చేయించాను. అవి సరిగ్గా ఉన్నాయో లేదో నేను రెండు చేతులతో చూసి చెప్పలేను. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉండి, మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలని అనుకుంటుంటే నాకు చెప్పండి. నమూనా ఉచితంగా పంపుతాను. వాడి చూసి, ఎక్కడ ఇబ్బంది పెట్టిందో ఫోన్‌లో చెబితే చాలు.